ముప్పై ఏళ్ళు నిండని ఇళ్ళకూ తనిఖీ కావాలి

నాందేడ్ వాఘాళా నగర మహానగరపాలిక కమిషనర్ గారికి బహిరంగ లేఖ

మహారాష్ట్ర నగరపాలక సంస్థల చట్టం, 1949లోని 265ఎ సెక్షన్ ప్రకారం ముప్పై ఏళ్ళు నిండిన భవనాన్ని నమోదైన స్ట్రక్చరల్ ఇంజనీరుతో పరీక్ష చేయించి, అది నివాసానికి పనికివస్తుందన్న ధ్రువపత్రం దాఖలు చేయవలసిన బాధ్యత దాని యజమానిది, లేదా అందులో ఉంటున్నవారిది. కూలిపోయేలా ఉన్న కట్టడం మీద చర్య తీసుకునే అధికారం 264వ సెక్షన్ కమిషనర్‌కు ఇచ్చింది. 2015 నవంబరులో రాష్ట్ర నగరాభివృద్ధి శాఖ ఇలాంటి భవనాలను నాలుగు తరగతులుగా విడదీసింది. వెంటనే ఖాళీ చేసి కూల్చవలసినవి సి1, ఖాళీ చేయించి బాగుచేయవలసినవి సి2ఎ, మనుషులు ఉండగానే బాగుచేయదగినవి సి2బి, చిన్న మరమ్మతుతో సరిపోయేవి సి3. నాందేడ్ వాఘాళా నగరపాలిక 1997లో ఏర్పడింది. ఆ ఏడాది గృహప్రవేశం జరిగిన ఇంటికి 2027లో ముప్పై ఏళ్ళు నిండుతాయి. పాత నగరంలోని వాడాల సంగతి సరే, కార్పొరేషన్ పుట్టాక కట్టిన ఇళ్ళు కూడా ఇప్పుడు ఈ లెక్కలోకి వస్తున్నాయన్నమాట.

అయితే ఇల్లు పుట్టినరోజు చూసుకుని పాడవదు. 2020 ఆగస్టు 24న రాయగఢ్ జిల్లా మహాడ్‌లో కూలిన అయిదంతస్తుల తారిక్ గార్డెన్‌కు పదేళ్ళు కూడా నిండలేదు. అక్కడ పదహారు మంది చనిపోయారు. చట్టం వయసు అడుగుతుంది. నాందేడ్‌లాంటి ఊళ్ళో అంతకన్నా ముందు అడగవలసినవి మూడున్నాయి: ఆ ఇంటి నీరు ఎటు పోతోంది, తర్వాత ఎంత బరువు ఎక్కింది, కరెంటుకు ఎర్తింగ్ ఉందా. తనిఖీలో బయటపడే లోపాల్లో ఎక్కువ భాగం ఈ మూడింటి దగ్గరే తేలుతాయి.

నగరం చాలా మేర నల్లరేగడి మీద నిలిచి ఉంది. దక్కను నల్లరాయి అరిగి ఏర్పడిన ఈ మట్టిలో మాంట్‌మోరిల్లొనైట్ అనే బంకఖనిజం ఎక్కువ. నీరు తాగితే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. మే నెలలో చేలల్లో చెయ్యి పట్టేంత వెడల్పున కనిపించే నెర్రెలే ఇంటి గోడ వారన, గచ్చు కింద కూడా పడతాయి, అక్కడ కంటికి కనిపించవు, అంతే తేడా. మట్టి అంతా ఒకేలా ఉబ్బి ఒకేలా దిగితే ఇల్లు తట్టుకుంటుంది. కానీ ఒక పక్క స్నానాలగది నీళ్ళు, మోరి నీళ్ళు ఏడాది పొడుగునా ఇంకుతూ ఉంటాయి. ఎదురు పక్క ఎండకు మట్టి ఎండిపోతుంది. ఒక మూల లేస్తుంది, ఇంకో మూల కుంగుతుంది. మధ్యలో గోడ చీలుతుంది.

ఆ చీలికకు గుర్తులున్నాయి. కిటికీ మూల నుంచో గుమ్మం మూల నుంచో ఏటవాలుగా మొదలై, ఒక చివర వెడల్పుగా, ఇంకో చివర సన్నగా ఉండి, గోడకు రెండు వైపులా కనిపించే పగులు పునాది కదులుతున్నదని చెబుతుంది. సాలెగూడులా అల్లుకున్న వెంట్రుకవాసి గీతలు సిమెంటు పూత తొందరగా ఆరడం వల్ల వచ్చినవి. వాటికి భయపడనక్కరలేదు. రంగులు వేసే మనిషి మాత్రం రెండింటికీ ఒకే పుట్టీ పూసి పోతాడు. అసలు చేయవలసిన పని అంతకంటే చవక. పగులు రెండు చివరల్లో పెన్సిలుతో గీత గీసి తేదీ రాయాలి, నడుమ చిన్న గాజుముక్కను సిమెంటుతో అడ్డంగా అతికించాలి. గాజు పగిలితే గోడ ఇంకా కదులుతోంది. వేసవిలో తెరుచుకుని, వానల తర్వాత మూసుకునే పగులైతే దోషం గోడది కాదు, మట్టిది. అప్పుడు డబ్బు పెట్టవలసింది గోడ మీద కాదు. ఇంటి చుట్టూ బయటికి వాలుగా పక్కగచ్చు వేయడం, మిద్దె నీటి గొట్టాన్ని గోడ మొదట్లో వదలకుండా కాలువ దాకా తీసుకుపోవడం, గోడను ఆనుకుని పెరుగుతున్న రావిమొక్కను వేరుతో సహా తీయడం, కారే మోరి పైపు మార్చడం. ఇవన్నీ చేశాక ఒక ఏడాది చూసి, అప్పుడు పగులు పూడ్చాలి.

కొత్తగా కట్టేవారికి దారి ముందే ఉంది. పునాది నల్లమట్టిని దాటి మొరం దాకా దిగాలి. మట్టి లోతుగా ఉన్నచోట రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అభివృద్ధి చేసిన అండర్ రీమ్డ్ పైల్స్, అంటే కింది భాగం ఉబ్బుగా ఉండే కాంక్రీటు దిమ్మెలు, ఇలాంటి నేలకే ఉద్దేశించినవి. ఒక అంతస్తు ఇంటికి ఇంజనీరు ఎందుకనుకుని గవండీ మేస్త్రీ చేతిలోనే మొత్తం పెట్టేవారు ఈ ఊళ్ళో తక్కువేం కాదు. ఆ గవండీల్లోనూ సెంట్రింగ్ పనివారిలోనూ తెలంగాణ వైపు నుంచి, దెగ్లూరు, బిలోలి, ధర్మాబాద్ తాలూకాల నుంచి వచ్చిన తెలుగువారు ఉంటారు. వారి చేతిపని గొప్పదే. మట్టిని పరీక్షించడం మాత్రం చేతిపని కాదు.

ఇక్కడ నగరపాలిక బాధ్యత కూడా కొంత ఉంది. పాత రోడ్డును తవ్వకుండా దాని మీదే కొత్త పొర వేస్తూ పోతే కొన్నేళ్ళకు ఇంటి అరుగు రోడ్డు కంటే కిందికి చేరుతుంది. వాన నీరు గడప దాటి వస్తుంది. ఇంటి మోరి కన్నా వీధి కాలువ ఎత్తవుతుంది, మురుగు వెనక్కి తంతుంది. 2008లో సిక్కుల గురుతా గద్దీ త్రిశతాబ్ది ఉత్సవాల కోసం నగరంలో పెద్దఎత్తున పనులు జరిగి ఊరి రూపు మారింది. అలాంటి పనుల్లో రోడ్డు మట్టం, ఇళ్ళ మట్టం కలిపి చూసే అలవాటు ఉంటే ఎందరి ఇళ్ళలోకో చెమ్మ ఎక్కేది కాదు. గోదావరి, ఆస్నా ఒడ్డు పేటల్లో పరిస్థితి వేరు. విష్ణుపురి ప్రాజెక్టు గేట్లు ఎత్తినప్పుడు అక్కడికి నీరు నది వైపు నుంచే వస్తుంది. వరద తీసిన ఇంటిని తనిఖీ చేయకుండా మళ్ళీ కాపురం పెట్టడం మంచిది కాదు. నానిన స్విచ్‌బోర్డులు, మట్టి సున్నంతో కట్టిన గోడల అడుగు వరసలు ముందు చూడాలి.

పైకప్పు దగ్గర మొదటి లోపం పెచ్చులూడటం. కాంక్రీటులోని ఇనుప చువ్వ బయటి గాలికీ చెమ్మకూ అందకుండా ఉండాలంటే దాని మీద కాంక్రీటు కొంత మందాన ఉండాలి. ఐఎస్ 456 ప్రమాణం మామూలు పరిస్థితుల్లో శ్లాబుకు 20 మిల్లీమీటర్లు, స్తంభానికి 40 మిల్లీమీటర్లు అడుగుతుంది. పోతపోసే రోజు చువ్వల కింద సిమెంటు బిళ్ళలు పెట్టకపోతే చువ్వ నేరుగా సెంట్రింగ్ పలకను ఆనుకుని ఉండిపోతుంది. పైనుంచి నీరు కారినప్పుడు తుప్పు పడుతుంది. తుప్పు అసలు ఇనుము కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి కాంక్రీటును కిందికి నెట్టేస్తుంది. మొదట చువ్వ వెంబడి సన్నటి తిన్నని గీత, తర్వాత ఎర్రటి మరక, ఆ తర్వాత పెచ్చు. చిన్న సుత్తితో తట్టి చూస్తే గట్టి చోట ఖంగుమంటుంది, విడిపోయిన చోట డొల్లగా మోగుతుంది. ఊడిన చోట తుప్పు గీకకుండా పైపైన సిమెంటు మెత్తడం ఊళ్ళో సర్వసాధారణం. రెండు వానాకాలాల్లో ఆ ముక్క మళ్ళీ రాలుతుంది, ఈసారి కాస్త పెద్దదిగా. సజ్జల అడుగు భాగం, స్నానాలగది పైకప్పు, నీళ్ళ ట్యాంకు కింది భాగం ముందుగా చూడవలసిన చోట్లు.

బరువు సంగతి. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే ఒక టన్ను. దాన్ని దూలం మీదో గోడ మీదో కాకుండా శ్లాబు నడిమధ్యన, కొన్నిచోట్ల సజ్జ మీదే నిలబెడతారు. ఒక అంతస్తుకు వేసిన పునాది మీద అబ్బాయి పెళ్ళికి రెండోది, అద్దె కోసం మూడోది లేస్తాయి. సోలార్ పలకలు ఈ మధ్య వచ్చిన మరో బరువు. వాటి బరువు కన్నా వాటి బోల్టుల కోసం శ్లాబులో వేసే రంధ్రాల వల్ల నీరు దిగడమే ఎక్కువ కీడు.

రేకుల ఇళ్ళ మీద గాలివానకు లేచిపోకుండా రాళ్ళు పెట్టడం మరాఠ్వాడా అంతటా కనిపిస్తుంది. ఈదురుగాలికి రేకు లేచినప్పుడు ఆ రాయి పడేది లోపల నిద్రపోతున్నవారి మీదే. కొక్కేల బోల్టులతో రేకును దూలానికి బిగించే ఖర్చు రాళ్ళు మోయించే కూలి కన్నా పెద్ద ఎక్కువ కాదు. పాతబస్తీలోని మట్టి మిద్దెలు ఇంకా అపాయం. కారినప్పుడల్లా పైన మరో పొర మట్టి పరుస్తూ పోవడంతో కప్పు బరువెక్కుతుంది. కింద మట్టి అడుసుతో పేర్చిన రాతిగోడలో లోపలి వరసకూ బయటి వరసకూ కట్టు ఉండదు. పొరుగున లాతూర్ జిల్లా కిల్లారిలో 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున భూకంపం దాదాపు పదివేల మందిని బలిగొన్నది ప్రధానంగా ఇలాంటి ఇళ్ళ వల్లే. 2024లో మార్చిలో ఒకసారి, జూలైలో ఒకసారి హింగోలి జిల్లాలో పుట్టిన ప్రకంపనలు నాందేడ్ దాకా తెలిశాయి. కాబట్టి గోడ రెండు వరసల్నీ కలిపే అడ్డురాయి, నాలుగు గోడల్నీ చుట్టి పట్టుకునే బెల్టు ఈ ఊరికి అనవసరపు జాగ్రత్తలు కావు.

కరెంటు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. ఎండ నలభై డిగ్రీలు దాటే ఈ నగరంలో మార్చి నుంచి జూన్ దాకా ప్రతి కిటికీకీ ఒక కూలరు ఉంటుంది. రేకు డబ్బా, అడుగున నీళ్ళు, నీళ్ళలో మునిగిన చిన్న మోటారు, రెండు కాళ్ళ ప్లగ్గు, చుట్టూ తడిసిన నేల: మనిషిని చంపడానికి కావలసినవన్నీ ఒకేచోట కుదిరే వస్తువు ఇంట్లో ఇంకొకటి లేదు. మోటారు తీగ పైపొర చిట్లితే డబ్బా అంతటికీ కరెంటు పాకుతుంది. అటుగా ఆడుకునే పిల్లవాడో, చెంబుతో నీళ్ళు పోయబోయిన ఇల్లాలో దాన్ని ముట్టుకుంటారు.

మీటరు బోర్డులో ఎంసీబీ ఉంది కదా అన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు. 16 ఆంపియర్ల ఎంసీబీ అంతకు మించి కరెంటు పారినప్పుడే పడిపోతుంది. మనిషి గుండె లయ తప్పడానికి అందులో అయిదువందలో వంతు, అంటే 30 మిల్లీ ఆంపియర్ల స్థాయి కరెంటు కాసేపు పారితే చాలు. ఆ కొంచెం తేడాను పసిగట్టి రెప్పపాటులో సరఫరా ఆపేది ఆర్‌సీసీబీ. ఎంసీబీ తీగను కాపాడుతుంది, ఆర్‌సీసీబీ మనిషిని కాపాడుతుంది. చాలా ఇళ్ళ బోర్డుల్లో మొదటిదే ఉంటుంది. రెండోది ఉన్న ఇళ్ళలోనూ మాటిమాటికీ పడిపోతోందని దాన్ని తప్పించి తీగలు నేరుగా కలిపేస్తారు. అది మాటిమాటికీ పడిపోతోందంటే ఇంట్లో ఎక్కడో కరెంటు కారుతోందని అర్థం. ఆర్‌సీసీబీ మీద పరీక్ష కోసం ఒక మీట ఉంటుంది. నెలకోసారి దాన్ని నొక్కినప్పుడు సరఫరా ఆగకపోతే ఆర్‌సీసీబీ మార్చాలి.

ఎర్తింగ్‌కు నల్లరేగడి తెచ్చే చిక్కు ఒకటుంది, దాన్ని పట్టించుకునేవారు తక్కువ. మట్టిలో చెమ్మ ఉన్నంతకాలం భూమి కరెంటును బాగానే మింగుతుంది. వేసవిలో మట్టి ఎండి, కడ్డీ చుట్టూ కుంచించుకుపోయి ఖాళీ ఏర్పడితే నిరోధం పెరిగిపోతుంది. సరిగ్గా కూలర్లు తిరిగే నెలల్లోనే ఎర్తింగ్ బలహీనపడుతుంది! అందుకే ఎర్తింగ్ పరీక్ష వానాకాలంలో కాదు, మార్చి చివర చేయాలి. గుంతలో నీళ్ళు పోయడం మానకూడదు. కొందరు పనివారు వేరే ఎర్తింగ్ తీగ లాగే శ్రమ తప్పించుకోవడానికి ప్లగ్గులోనే న్యూట్రల్‌ను ఎర్తింగ్ రంధ్రానికి కలుపుతారు. న్యూట్రల్ ఎక్కడైనా తెగిన క్షణంలో ఫ్రిజ్, గీజరు, కూలరు అన్నిటి ఒంటికీ కరెంటు వస్తుంది. ఎర్తింగ్ లేకపోవడం కన్నా ఇది చెడ్డది.

మిగతావి త్వరగా చెప్పుకోవచ్చు. దీపాలకు 1.5, మామూలు ప్లగ్గులకు 2.5, గీజరుకూ ఏసీకీ 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వాడుక. పాత ఇళ్ళలో దీపాల తీగ మీదే ఏసీ నడుస్తూ ఉంటుంది. ప్లగ్గు వేడెక్కినా, బోర్డు పసుపు రంగుకు తిరిగినా అదే సంకేతం. ఇంటి ముందు 11 కిలోవోల్టుల లైను ఉంటే కట్టడానికి పక్కగా 1.2 మీటర్లు, పైకి 3.7 మీటర్లు దూరం నియమం. రెండో అంతస్తు బాల్కనీని వీధి మీదికి జరిపినప్పుడు ఆ దూరం తినేస్తారు. ఇనుప చువ్వ పైకెత్తే కూలివాడికి ఆ సంగతి ఎవరూ చెప్పరు. కట్టడానికి అనుమతి నగరపాలిక ఇస్తుంది, తీగలు విద్యుత్ పంపిణీ సంస్థ మహావితరణ్‌వి. ఈ రెండింటి నడుమ ఆ బాల్కనీ ఎవరి కంటా పడదు.

వంటగ్యాస్ గాలి కన్నా బరువు కాబట్టి కారితే నేల మీద పరుచుకుంటుంది. సిలిండరు పెట్టిన అలమరకు కింద గాలి పోయే సందు ఉండాలి, పొయ్యి సిలిండరు కన్నా ఎత్తులో ఉండాలి, ఐఎస్‌ఐ గుర్తున్న నారింజ రంగు సురక్షా పైపును అయిదేళ్ళకోసారి మార్చాలి. వాసన వస్తే స్విచ్ వేయకూడదు, తీయకూడదు. అత్యవసర నంబరు 1906కు ఫోన్ బయటికి వచ్చాకే చేయాలి. ఇవి చాలామందికి తెలుసు. తెలియనిది గ్యాస్ గీజరు. చలికాలంలో కిటికీ మూసిన చిన్న స్నానాలగదిలో అది వెలిగితే ఆక్సిజన్ తగ్గి కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. ప్రాణవాయువు కన్నా రెండువందల రెట్లకు పైగా గట్టిగా రక్తాన్ని పట్టుకుంటుంది. స్నానానికి వెళ్ళినవారు తలుపు తీయకపోవడం మహారాష్ట్రలో ప్రతి చలికాలం వినిపించే వార్త. గీజరును స్నానాలగది బయట బిగించి, వేడినీటిని పైపుతో లోపలికి తెచ్చుకోవడం ఒక్కటే సరైన పద్ధతి.

నల్లా నీరు రోజూ రాని పేటల్లో వచ్చిన గంటసేపూ పైపుకే మోటారు తగిలించి లాగుతారు. పైపులో పీడనం పడిపోయి పక్కనున్న మోరి నీరు సందుల్లోంచి లోపలికి వస్తుంది. చివరి నల్లా దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలన్న ప్రమాణం ఆ పేటల్లో నిలవదు. సంపు మూత నేల మట్టానికే ఉంటే వాన నీరు నేరుగా దిగుతుంది, అసలు మూతే లేకపోతే పిల్లలకు ప్రమాదం. కూలరు నీటిలో డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కలు వచ్చేదాకా ఎదగడానికి వారం పదిరోజులు పడుతుంది కాబట్టి వారానికోసారి పూర్తిగా ఎండబెడితే చాలు. రక్షణ పరికరాలు, జాగ్రత్తలు లేకుండా సెప్టిక్ ట్యాంకు శుభ్రం చేయడానికి మనిషిని దించడం పాకీ పనిని నిషేధించిన 2013 చట్టం కింద నేరం. మూత తీసి కాసేపు ఆగినంత మాత్రాన లోపలి విషవాయువు పోదు.

పడిపోవడం వల్ల జరిగే ప్రమాదాలకు పెద్ద శాస్త్రం అక్కరలేదు. మిద్దె పిట్టగోడ ఒక మీటరుకు తగ్గకూడదని జాతీయ భవన నియమావళి చెబుతుంది. ఎండాకాలం రాత్రులు మిద్దె మీద పడుకునే ఊరిలో అది పట్టింపు మాట కాదు. మెట్టు ఎత్తు 19 సెంటీమీటర్లు దాటకూడదు, అడుగు పెట్టే చోటు 25కు తగ్గకూడదు. దొంగల భయంతో ప్రతి కిటికీకీ తెరుచుకోని గ్రిల్లు బిగిస్తే మంట లేచిన రోజు దారి ఉండదు. ఒక్క గ్రిల్లుకైనా లోపలి నుంచి తీసే గడియ ఉండాలి.

వీటిలో చాలావరకు ముప్పై ఏళ్ళ ధ్రువపత్రంలో పడవు. ఆ ధ్రువపత్రమైనా సరిగ్గా అడగాలంటే నగరపాలిక దగ్గర సాధనం ఇప్పటికే ఉంది. ఆస్తిపన్ను రికార్డులో ప్రతి ఇంటికీ మొదట పన్ను వేసిన సంవత్సరం ఉంటుంది. దాన్నిబట్టి 2027 నుంచి ఏటా ముప్పై నిండే ఇళ్ళ జాబితా తీసి ముందే నోటీసు పంపవచ్చు. నమోదైన స్ట్రక్చరల్ ఇంజనీర్ల పేర్లు, పరీక్ష రుసుము ప్రాంతీయ కార్యాలయాల గోడ మీద ఉంటే యజమాని దళారీ దగ్గరికి పోడు. వానలకు ముందు అంటించే నోటీసులో ఖాళీ చేయండని మాత్రమే కాక ఏ తరగతి, ఏ భాగం, ఏ మరమ్మతు అన్నది రాయాలి. అద్దెకున్నవారు పెచ్చులూడుతున్నా ఫిర్యాదు చేయరు. ఇల్లు సి1 అని తేలితే తిరిగి రావడానికి చోటు ఉండదని వారి భయం. కూల్చివేత లేదా మరమ్మతు తర్వాత వారి హక్కు ఏమవుతుందో ఆ నోటీసులోనే ఒక వాక్యం ఉంటే ఆ భయం సగం తగ్గుతుంది.

ధ్రువపత్రం తర్వాత కావలసింది వయసుతో పనిలేని తనిఖీ. దీనికి కొత్త చట్టం అక్కరలేదు. పన్ను బిల్లు వెనుక ఒక పేజీలో కూలరు, ఆర్‌సీసీబీ, గ్యాస్ గీజరు, పక్కగచ్చు, పిట్టగోడ, ట్యాంకు గురించి ఇంటివారే చూసుకోదగిన ప్రశ్నలు అచ్చువేయాలి. మరాఠీ, హిందీ, ఉర్దూతో పాటు తెలుగులోనూ వేయాలి. మార్చిలో ఎర్తింగ్ కోసం ఒకసారి, మే చివర పైకప్పు, కాలువల కోసం ఒకసారి ప్రతి ప్రభాగ్‌లో, అంటే వార్డులో, నగరపాలిక ఇంజనీరు, మహావితరణ్ లైన్‌మన్ కలిసి ఒక రోజు కూర్చోవాలి. అడిగినవారి ఇంటికి వెళ్ళి చూడాలి. కొత్త రోడ్డు అంచనా తయారుచేసేటప్పుడు ఆ వీధిలోని అతి పల్లపు గడప మట్టాన్ని కొలిచి, దాని కన్నా పైకి రోడ్డును లేవనివ్వకూడదన్న షరతు టెండరులోనే చేర్చాలి.

ఇట్లు,
నగరవాసి